అల్పాకాల పెంపకం

అల్పాకా ఒంటె కుటుంబానికి చెందిన పెంపుడు జంతువు. దీని శాస్త్రీయ నామం వికుగ్న పాకోస్. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలపై, ముఖ్యంగా పెరూ, బొలీవియా, చిలీ దేశాలలో, సముద్ర మట్టానికి సుమారు 3,500 నుండి 5,000 మీటర్ల ఎత్తున ఉన్న పచ్చిక మైదానాలలో దీనిని వేల సంవత్సరాలుగా ఉన్ని కోసం పెంచుతున్నారు. 1980వ దశకం నుండి అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, బ్రిటన్ మొదలైన దేశాలలో కూడా చిన్న కమతాలు గల రైతులు, ఉద్యోగ విరమణ చేసినవారు దీనిని పెంచడం మొదలుపెట్టారు.

అల్పాకా సాధు జంతువు. తక్కువ మేత తింటుంది, నేలను పాడుచేయదు. అందువలన దీని పెంపకం సులువైనదని పేరు వచ్చింది. దైనందిన శ్రమకు సంబంధించినంతవరకు ఆ మాట నిజమే. అయితే ఇది 15 నుండి 20 సంవత్సరాలు బ్రతుకుతుంది, ఒంటరిగా ఉంచితే క్షీణిస్తుంది, జబ్బు ముదిరేవరకు బయటపడనివ్వదు. ఈ మూడు విషయాలను గ్రహించినవారు మాత్రమే దీనిని చక్కగా పెంచగలరు. ఈ వ్యాసంలో అల్పాకాల పెంపకానికి సంబంధించిన ప్రాథమిక విషయాలు వివరించబడినవి.

జంతువు పరిచయం

దక్షిణ అమెరికాలో ఒంటె కుటుంబానికి చెందిన జంతువులు నాలుగు ఉన్నాయి. వీటిలో గ్వనాకో, వికూన్యా అడవి జంతువులు. లామా, అల్పాకా పెంపుడు జంతువులు. లామాను బరువులు మోయడానికి, అల్పాకాను ఉన్ని కోసం పెంచుతారు. అల్పాకా కూడా లామా వలె గ్వనాకో నుండే వచ్చిందని చాలాకాలం భావించేవారు. 2001లో ప్రచురితమైన జన్యు పరిశోధన వలన అల్పాకాకు మూలం వికూన్యా అని తేలింది. అప్పటినుండి దీనిని లామా ప్రజాతి నుండి తొలగించి వికుగ్న ప్రజాతిలో చేర్చారు.

పెరిగిన అల్పాకా భుజం వద్ద సుమారు 80 నుండి 100 సెంటీమీటర్ల ఎత్తు, సాధారణంగా 50 నుండి 85 కిలోల బరువు ఉంటుంది. లామా దీనికంటే చాలా పెద్దది. లామా చెవులు పొడవుగా లోపలికి వంగి ఉంటాయి, అల్పాకా చెవులు పొట్టిగా ఈటె మొనల వలె నిటారుగా ఉంటాయి. ఒంటెకు వలె దీనికి మూపురం ఉండదు. పాదానికి గిట్టలకు బదులు రెండు వేళ్ళు, వాటికి గోళ్ళు, అడుగున మెత్తని చర్మపు దిండు ఉంటాయి. అందుచేత ఇది నడిచిన చోట నేల గోతులు పడదు. పై దవడ ముందుభాగంలో కొరికే పళ్ళు ఉండవు, వాటి స్థానంలో గట్టి చిగురు ఉంటుంది. గడ్డిని వేళ్ళతో పెకలించకుండా పైపైన కొరుకుతుంది. నెమరు వేసే జంతువే అయినప్పటికీ ఆవు, గొర్రెల వలె నాలుగు గదుల జీర్ణాశయం కాక మూడు గదుల జీర్ణాశయం దీనికి ఉన్నది.

అల్పాకాలు రెండు రకాలు.

హువకాయా: ఉన్ని ఒత్తుగా, ముడతలు కలిగి, శరీరంపై ఉబ్బినట్లు నిలబడి ఉంటుంది. ప్రపంచంలోని అల్పాకాలలో అత్యధిక భాగం ఈ రకానివే.

సూరి: ఉన్ని సన్నని జడల వలె మెలితిరిగి క్రిందికి వేలాడుతుంది, పట్టువంటి మెరుపు కలిగి ఉంటుంది. వెన్ను మీద ఉన్ని పాయ విడిపోతుంది కాబట్టి చలిగాలికి, వానకు ఈ రకం కొంత తక్కువ తట్టుకుంటుంది.

చరిత్ర

పెరూలోని పర్వత మైదానాలలో సుమారు 6,000 నుండి 7,000 సంవత్సరాల క్రితం వికూన్యాను మచ్చిక చేయడం ద్వారా అల్పాకా ఏర్పడినదని పురావస్తు ఆధారాలు తెలుపుతున్నాయి. ఇంకాల సామ్రాజ్యంలో మేలిరకపు నేత వస్త్రానికి బంగారంతో సమానమైన గౌరవం ఉండేది. 1532లో స్పెయిన్ దేశీయుల దండయాత్ర మొదలైన తరువాత అల్పాకాల సంఖ్య దారుణంగా పడిపోయింది. వారు తెచ్చిన గొర్రెలు, పశువులు పల్లపు మైదానాలను ఆక్రమించాయి. అల్పాకాలు, వాటి కాపరులు మరే పశువూ నిలవలేని ఎత్తులకు పరిమితమయ్యారు.

ఐరోపాలో అల్పాకా ఉన్నికి గిరాకీ కల్పించినవాడు ఇంగ్లాండుకు చెందిన టైటస్ సాల్ట్. ఇతడు 1836 ప్రాంతంలో లివర్‌పూల్ రేవులో ఎవరూ కొనని అల్పాకా ఉన్ని మూటలు చూసి, దానిని నూలుతో కలిపి నేసే పద్ధతి రూపొందించి గొప్ప ధనవంతుడయ్యాడు. ఇతడు స్థాపించిన సాల్టెయిర్ మిల్లు 1853లో ప్రారంభమైంది. ఆ మిల్లు చుట్టూ వెలసిన గ్రామాన్ని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. బ్రిటిషు పాలనాకాలంలో మన దేశంలో వకీళ్ళు ధరించిన నల్లని అల్పాకా కోట్ల పేరు కూడా ఈ బట్ట నుండి వచ్చినదే.

అల్పాకాల ఎగుమతిని పెరూ నిషేధించిన కాలంలో చార్లెస్ లెడ్జర్ అనే ఆంగ్ల వర్తకుడు ఒక మందను రహస్యంగా ఆండీస్ దాటించి, 1858లో ఓడలో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరానికి చేర్చాడు. ఆ ప్రయత్నం కొద్ది సంవత్సరాలలోనే విఫలమైంది. క్వినైన్ సమృద్ధిగా ఉండే ఒక సింకోనా రకానికి తరువాత ఇతని పేరే పెట్టారు. ఆస్ట్రేలియాలో అల్పాకాలు మళ్ళీ స్థిరపడడానికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది.

పెంపకానికి ముందు ఆలోచించవలసినవి

అల్పాకా మందగా జీవించే జంతువు. ఒక్క అల్పాకాను మాత్రమే కొనడం ఎన్నటికీ తగదు. తోటి అల్పాకాలు కనబడకపోతే అది మేత మానివేస్తుంది, నిరంతరం మూలుగుతూ కంచె వెంట తిరుగుతుంది. గొర్రె, మేక తోడుగా ఉన్నంతమాత్రాన ఆ లోటు పూర్తిగా తీరదు. కనీసం రెండు, వీలైతే మూడు ఉండాలి. మూడు ఉంటే ఒకటి మరణించినా మిగిలిన వాటికి తోడు ఉంటుంది.

మొదటిసారి పెంచేవారికి విత్తులు తీసిన మగ జంతువులు అనుకూలం. ఇవి ధర తక్కువ, స్వభావంలో నెమ్మది, ఉన్ని ఆడవాటితో సమానంగా ఇస్తాయి. విత్తులు తీయడం మరీ చిన్న వయసులో చేస్తే కాళ్ళ ఎముకలు అతిగా పొడవు పెరిగి వంకరలు వస్తాయి కాబట్టి సాధారణంగా 18 నెలల ప్రాంతంలో పశువైద్యునిచేత చేయిస్తారు. విత్తులు ఉన్న మగవాటిని ఆడవాటితో కలిపి ఉంచరాదు. రెండు కంచెల మధ్య ఖాళీ విడిచి వేరుగా ఉంచాలి.

కొనేముందు ఆ జంతువు వయసు, పళ్ళ అమరిక, కాళ్ళ తీరు, టీకాలు, నట్టల మందు ఎప్పుడెప్పుడు ఇచ్చారో తెలిపే పుస్తకం చూడాలి. దగ్గరలో ఒంటె కుటుంబపు జంతువులకు వైద్యం చేసిన అనుభవం గల పశువైద్యుడు ఉన్నాడో లేదో ముందుగా విచారించాలి. క్రొత్తగా తెచ్చిన వాటిని కొన్ని వారాలపాటు పాత మంద నుండి విడిగా ఉంచడం అవసరం.

స్థలం, కంచె, కొట్టం

మంచి పచ్చిక గల నేలలో ఎకరానికి నాలుగైదు అల్పాకాలను పెంచవచ్చు. వానలు తక్కువగా ఉండి పచ్చిక పలుచగా ఉన్నచోట ఈ సంఖ్య తగ్గుతుంది. నేలను మూడు నాలుగు మడులుగా విభజించి, ఒకదాని తరువాత ఒకటి మేపితే పచ్చిక కోలుకుంటుంది, నట్టల బెడద కూడా తగ్గుతుంది.

అల్పాకా కంచెను దూకడానికి సాధారణంగా ప్రయత్నించదు. కంచె ముఖ్యంగా కుక్కల వంటి శత్రు జంతువులు లోపలికి రాకుండా ఉండడం కోసం. దీని ఎత్తు నాలుగు నుండి ఐదు అడుగులు ఉండాలి. ముళ్ళతీగ వాడరాదు, అది ఉన్నిలో చిక్కుకొని చర్మాన్ని చీలుస్తుంది. పెద్ద కన్నుల వల కూడా ప్రమాదమే, పిల్లలు తల దూర్చి ఇరుక్కుంటాయి.

కొట్టానికి మూడు వైపుల గోడలు, పైకప్పు ఉంటే చాలు. అల్పాకాలు చలికంటె చలిగాలికి, ఎడతెగని వానకు ఎక్కువగా బాధపడతాయి. వేడి ప్రాంతాలలో నీడ, గాలి ఆడే కొట్టం తప్పనిసరి. వీటి అలవాట్లలో పెంపకందారునికి మిక్కిలి మేలు చేసేది ఒకటున్నది. మంద అంతా ఒకటి రెండు నిర్ణీత స్థలాలలోనే పేడ వేస్తుంది. కాబట్టి శుభ్రం చేయడం తేలిక. గుళికల రూపంలో ఉండే ఈ పేడ మొక్కలకు మంచి ఎరువు. చెట్లు లేని ఆండీస్ ఎత్తులలో దీనిని ఎండబెట్టి వంటచెరకుగా వాడతారు.

మేత, నీరు

పచ్చిక, ఎండుగడ్డి అల్పాకాల ప్రధాన ఆహారం. ఇది రోజుకు తన బరువులో సుమారు 1.5 నుండి 2 శాతం మేత, అనగా 60 కిలోల జంతువు 900 గ్రాముల నుండి 1,200 గ్రాముల ఎండుమేత, తింటుంది. ఆండీస్‌లోని ముతక గడ్డికి అలవాటుపడిన శరీరం కాబట్టి తక్కువ పోషకాల నుండి కూడా శక్తిని రాబట్టుకోగలదు. ఈ కారణంచేతనే బలమైన మేత అతిగా పెడితే కొవ్వు పడుతుంది. కొవ్విన ఆడవి సరిగా చూలు కట్టవు, ఎండను తట్టుకోలేవు. ధాన్యం ఎక్కువ తింటే జీర్ణాశయంలో ఆమ్లం పెరిగి ప్రాణాపాయం కలుగవచ్చు. గుళికల దాణాను ఆత్రంగా మింగి గొంతులో అడ్డుపడడం కూడా తరచు జరుగుతుంది, కాబట్టి దాణాను వెడల్పాటి తొట్టెలో పలుచగా పరచి పెట్టాలి.

అల్పాకా నాలుకను బయటకు ఎక్కువగా చాపలేదు. అందుచేత ఆవులకు వ్రేలాడదీసే ఉప్పు దిమ్మ దీనికి సరిపడదు. ఖనిజ లవణాలను పొడి రూపంలో ఇవ్వాలి. ఆ మిశ్రమంలో రాగి ఎక్కువ ఉండకుండా చూడాలి. గొర్రె వలె అల్పాకా కూడా రాగి ఎక్కువైతే విషప్రభావానికి లోనవుతుంది.

శుభ్రమైన నీరు ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి. పాలిచ్చే తల్లులకు మిగిలినవాటికంటె చాలా ఎక్కువ నీరు కావాలి. మేసే చోట విషపు మొక్కలు లేకుండా చూసుకోవాలి. తెలుగువారి పెరళ్ళలో సర్వసాధారణమైన గన్నేరు అల్పాకాకు ప్రాణాంతకం, కొద్దిపాటి ఆకులు చాలు. రోడోడెండ్రాన్, యూ చెట్టు, రాగ్‌వర్ట్ కూడా ప్రమాదకరమైనవే.

స్వభావం, మచ్చిక

అల్పాకాలు ఎక్కువగా సన్నని మూలుగు వంటి ధ్వనితో ఒకదానితో ఒకటి సంభాషించుకుంటాయి. అపరిచిత జంతువు కనబడితే ఒకటి కీచుమని హెచ్చరిక చేస్తుంది, మంద అంతా అటువైపు తిరిగి నిలబడుతుంది. ఉమ్మివేయడం వీటికి ప్రసిద్ధమైన అలవాటు. అయితే అది ఎక్కువగా మేత దగ్గర, మగవాటిని నిరాకరించేటప్పుడు తమలో తాము చేసుకొనేదే. మనుష్యుల మీద ఉమ్మడం అరుదు.

అల్పాకా కుక్కపిల్ల వలె ఒడిలో చేరే జంతువు కాదు. తలను, వెనుక కాళ్ళను ముట్టుకోవడం దీనికి ఇష్టముండదు. నిదానంగా, రోజూ ఒకే వేళకు వెళ్ళి మేత పెట్టేవారిని గుర్తుపట్టి దగ్గరకు వస్తుంది. తలకు తొడిగే హాల్టరు కొలత విషయంలో జాగ్రత్త అవసరం. అల్పాకా ముఖ్యంగా ముక్కుతోనే శ్వాసిస్తుంది. పట్టీ వదులై ముక్కు చివరనున్న మెత్తని భాగం మీదికి జారితే ఊపిరి అందక అది బెదిరిపోతుంది. పట్టీ ఎప్పుడూ కళ్ళకు దగ్గరగా, గట్టి ఎముక మీద ఉండాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. తల్లిలేని మగపిల్లను ఇంట్లో సీసాపాలతో, తోటి అల్పాకాలకు దూరంగా పెంచితే అది మనిషిని తన జాతిగానే భావిస్తుంది. పెద్దదైన తరువాత మనిషిని పోటీ మగజంతువుగా ఎంచి మీదపడి కరుస్తుంది, తొక్కుతుంది. దీనిని సరిదిద్దడం కష్టం. కనుక అటువంటి పిల్లకు పాలు పట్టినప్పటికీ మందలోనే ఉంచాలి, ముద్దు చేయరాదు.

ఆరోగ్య పరిరక్షణ

అడవిలో నలతగా కనబడిన జంతువునే పులి పట్టుకుంటుంది. ఆండీస్‌లో అల్పాకాకు ప్యూమా అటువంటి శత్రువు. అందుచేత జబ్బును కప్పిపుచ్చుకోవడం దీని సహజ లక్షణం. దానికితోడు ఒత్తయిన ఉన్ని శరీరం చిక్కిపోవడాన్ని కనబడనివ్వదు. చూపులకు బొద్దుగా ఉన్న అల్పాకా ఉన్ని క్రింద ఎముకల గూడుగా ఉండవచ్చు. ఈ కారణంచేత కంటితో చూడడం చాలదు, చేతితో చూడాలి. నెలకొకసారి ప్రతి జంతువునూ తూచి బరువు వ్రాసిపెట్టుకోవాలి. ప్రక్కటెముకలు ముగిసేచోట వెన్నెముకపై అరచేయి ఉంచి తడిమితే, ఎముకకు రెండు ప్రక్కల కండ నిండుగా ఉన్నదా, గుంటపడినదా తెలుస్తుంది. క్రింది కనురెప్పను విప్పి చూసినప్పుడు లోపలి పొర ఎర్రగా ఉండాలి. పాలిపోయి ఉంటే రక్తహీనత అని గ్రహించాలి. మంద నుండి విడిగా పడుకున్నా, మేతకు అందరికంటె వెనుక వచ్చినా, పేడ వేసేచోట ఎక్కువసేపు నిలబడినా వెంటనే పరీక్షించాలి.

నట్టలు: గొర్రెలు, మేకల జీర్ణాశయంలో రక్తం పీల్చే నట్టలు అల్పాకాలకూ సోకుతాయి. పూర్వం క్యాలెండరు చూసి మందంతటికీ మందు పోసేవారు. దానివలన నట్టలు మందులకు లొంగకుండా తయారయ్యాయి. కాబట్టి ఇప్పుడు పేడ పరీక్షలో గ్రుడ్ల సంఖ్య చూసి అవసరమైనవాటికే ఇవ్వడం మంచి పద్ధతిగా భావిస్తున్నారు. తడి నేలల్లో కాలేయపు జలగ సోకుతుంది. ఉత్తర అమెరికా తూర్పు భాగంలో తెల్లతోక జింకల నుండి నత్తల ద్వారా వచ్చే ఒక పురుగు అల్పాకా వెన్నుపామును దెబ్బతీసి కాళ్ళు పడిపోయేటట్లు చేస్తుంది. జింకకు ఆ పురుగువలన ఏ హానీ కలగదు.

టీకాలు: క్లాస్ట్రీడియం జాతి బాక్టీరియా వలన కలిగే వ్యాధులకు ముందుగా టీకాలు వేయిస్తారు. వీటిలో ఒకటి తెలుగునాట గొర్రెల కాపరులు చిటుకురోగం అని పిలిచే వ్యాధికి కారణమైన బాక్టీరియాయే. పెరూలో అల్పాకా పిల్లలను అధికంగా పొట్టన పెట్టుకొనే వ్యాధులలో దీనివలన కలిగే ప్రేగుల వ్యాధి ముఖ్యమైనది.

డి విటమిన్ లోపం: ఆండీస్ ఎత్తులలో ఎండ తీక్షణంగా ఉంటుంది. బ్రిటన్ వంటి దేశాలలో శీతాకాలపు ఎండ చాలదు. పైగా ఒత్తయిన ఉన్ని ఎండను చర్మానికి తగలనివ్వదు. అందుచేత ఎదిగే పిల్లల కాళ్ళు వంకరపోతాయి, నడుము వంగి నడుస్తాయి. చలికాలంలో ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి డి విటమిన్ ఇవ్వడం అక్కడ వాడుక.

వడదెబ్బ: గాలి ఉష్ణోగ్రతను ఫారన్‌హీట్ డిగ్రీలలో తీసుకొని, దానికి గాలిలోని తేమ శాతాన్ని కూడాలి. మొత్తం 150 దాటితే జాగ్రత్తపడాలి, 180 దాటితే ప్రాణాపాయం. ఉదాహరణకు 100 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న రోజున మొత్తం 160 అవుతుంది. కోస్తా ఆంధ్ర వేసవిలో ఇటువంటి రోజులు సాధారణం కాబట్టి చల్లని ఎత్తులలో పుట్టిన ఈ జంతువుకు ఆ వాతావరణం సరిపడదని తేలికగా గ్రహించవచ్చు. వడదెబ్బ తగిలినప్పుడు వీపుమీది ఉన్నిని తడపరాదు, తడిసిన ఉన్ని వేడిని లోపలే బంధిస్తుంది. పొట్ట క్రింద, కాళ్ళ మధ్య, ఉన్ని లేని చోట్ల చల్లని నీరు పోయాలి.

గజ్జి: సూక్ష్మమైన పురుగుల వలన కాళ్ళ సందులలో, ముఖంమీద, చెవులవద్ద చర్మం బిరుసెక్కి పొక్కులు కడుతుంది. మందలో ఒకదానికి కనబడితే అన్నిటినీ పరీక్షించాలి.

గోళ్ళు, పళ్ళు: మెత్తని నేలమీద తిరిగే అల్పాకాల గోళ్ళు అరగవు. రెండు మూడు నెలలకొకసారి కత్తిరించకపోతే వేళ్ళు ప్రక్కకు తిరిగి నడక చెడుతుంది. మగవాటికి రెండు మూడేళ్ళ వయసులో మొనదేలిన పోట్లాట పళ్ళు వస్తాయి. ఒకదాని చెవులు, విత్తులు మరొకటి కొరకకుండా వీటిని మొద్దుచేయిస్తారు.

క్షయ: పశువులకు వచ్చే క్షయ అల్పాకాలకూ సోకుతుంది. ఈ వ్యాధి నిర్ధారణలో ఉన్న చిక్కు బ్రిటన్‌లో జెరోనిమో అనే అల్పాకా విషయంలో ప్రపంచానికి తెలిసింది. 2017లో న్యూజీలాండ్ నుండి వచ్చిన ఈ మగ అల్పాకాకు రక్తపరీక్షలలో రెండుసార్లు క్షయ ఉన్నట్లు వచ్చింది. పరీక్ష విధానం సరైనది కాదని యజమాని నాలుగేళ్ళు న్యాయపోరాటం చేసినా, ప్రభుత్వం 2021 ఆగస్టు 31న దానిని వధింపజేసింది. మరణానంతర పరీక్షలో తీసిన కణజాలం నుండి క్షయ బాక్టీరియాను పెంచి చూపడం సాధ్యం కాలేదని అదే సంవత్సరం డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. మంద క్షేమం కోసం చేసే చట్టం, ఒక్క జంతువుమీద యజమానికి ఉండే మమకారం ఎంతగా ఎదురుపడగలవో ఈ ఉదంతం తెలుపుతుంది.

సంతానోత్పత్తి

ఆవు, గేదెల వలె అల్పాకాకు క్రమం తప్పక వచ్చే ఎద కాలం లేదు. మగజంతువుతో జతకూడిన తరువాతనే అండం విడుదలవుతుంది. ఆడది కాళ్ళు ముడుచుకొని నేలమీద కూర్చొన్నప్పుడు జతకూడడం జరుగుతుంది. ఈ సమయంలో మగది గొంతుతో ఒక విచిత్రమైన గురగుర ధ్వని చేస్తూనే ఉంటుంది. ఒకటి రెండు వారాల తరువాత మళ్ళీ మగదానిని దగ్గరకు తెచ్చినప్పుడు ఆడది ఉమ్మి పారిపోతే చూలు కట్టినదని మొదటి సూచన. పశువైద్యుడు స్కానింగు ద్వారా దీనిని నిర్ధారిస్తాడు. ఆడపిల్లలు పెద్దవాటి బరువులో సుమారు 60 శాతం బరువు వచ్చేవరకు, అనగా ఏడాది నుండి ఏడాదిన్నర వయసు వరకు, జత కలపరాదు.

గర్భకాలం సుమారు పదకొండున్నర నెలలు. ఒక ఈతలో ఒకే పిల్ల పుడుతుంది, కవలలు చాలా అరుదు. పిల్లను స్పానిష్ భాషలో క్రియా అంటారు. దాదాపు అన్ని ఈతలూ పగటిపూట, ఎక్కువగా మధ్యాహ్నం లోపల జరుగుతాయి. రాత్రి గడ్డకట్టే ఆండీస్‌లో తడిసిన పిల్ల చీకటిపడేలోగా ఆరి నిలబడవలసిన అవసరమే దీనికి కారణమని భావిస్తారు. అల్పాకా తల్లి ఆవు వలె పిల్లను నాకి ఆరబెట్టదు, కాబట్టి చలిగా ఉన్నచోట తువ్వాలుతో తుడవవలసి ఉంటుంది.

పుట్టిన పిల్ల 6 నుండి 9 కిలోల బరువు ఉంటుంది. ఒకటి రెండు గంటలలో నిలబడి, నాలుగు గంటలలోపల పాలు తాగాలి. అల్పాకా గర్భంలో తల్లి నుండి పిల్లకు రోగనిరోధక పదార్థాలు చేరవు. అవి జున్నుపాల ద్వారానే అందాలి, అదీ మొదటి 24 గంటలలోనే. ఆ గడువు దాటితే పిల్ల ప్రేగులు వాటిని గ్రహించలేవు. మొదటిరోజు పిల్ల బరువులో పదోవంతు జున్నుపాలు లోపలికి పోవాలి. తల్లి పాలు ఇవ్వకపోతే మరొక అల్పాకావి గాని, అవి దొరకకపోతే మేకవి గాని జున్నుపాలు పట్టాలి. మంద పెంచే అనుభవజ్ఞులు వీటిని ముందుగానే గడ్డకట్టించి దాచుకుంటారు. బొడ్డుకు అయొడిన్ పూయడం, ఆరు గంటలలోపల మాయ పడినదో లేదో చూడడం, మొదటి రెండు వారాలు పిల్లను రోజూ తూచడం మరువరాదు. బరువు పెరగని పిల్ల చురుకుగా కనిపించినా ఆకలితో ఉన్నట్లే. సుమారు ఆరు నెలల వయసులో తల్లి పాలు మాన్పిస్తారు.

ఉన్ని

సంవత్సరానికి ఒకసారి, ఎండలు ముదరకముందు ఉన్ని కత్తిరిస్తారు. ఇది ఆదాయం కోసమే కాదు. కత్తిరించని అల్పాకా వేసవిలో బ్రతకడం కష్టం. జంతువును చాపమీద పడుకోబెట్టి, ముందు వెనుక కాళ్ళను మెత్తని తాళ్ళతో రెండువైపులకు కట్టి విద్యుత్ కత్తెరతో తీస్తారు. నేర్పరి ఒక జంతువును పది పదిహేను నిమిషాలలో పూర్తిచేస్తాడు. ఉన్ని పొడిగా ఉన్నప్పుడే తీయాలి, తడి ఉన్ని బస్తాలో బూజుపడుతుంది. వీపు, ప్రక్కల నుండి వచ్చే ఉన్ని శ్రేష్ఠమైనది. మెడది రెండవ రకం, కాళ్ళు, పొట్టది ముతక రకం. ఈ మూడింటినీ కలపకుండా వేరువేరు సంచులలో ఉంచాలి.

ఒక జంతువు ఏడాదికి సాధారణంగా 1.5 నుండి 3 కిలోల ఉన్ని ఇస్తుంది. దీని నాణ్యతను పోగు మందాన్నిబట్టి మైక్రాన్లలో లెక్కిస్తారు. వయసు పెరిగేకొద్దీ, మేత బలమయ్యేకొద్దీ పోగు ముతకబారుతుంది. బజారులో బేబీ అల్పాకా అనే పేరుతో అమ్మేది పిల్లల ఉన్ని అని చాలామంది పొరబడతారు. అది సుమారు 22 మైక్రాన్ల సన్నదనాన్ని తెలిపే తరగతి పేరు మాత్రమే, పెద్ద జంతువు ఉన్ని కూడా ఆ తరగతికి రావచ్చు. గొర్రె ఉన్నిలో ఉండే జిడ్డు అల్పాకా ఉన్నిలో దాదాపు ఉండదు, కాబట్టి శుభ్రం చేయడం సులభం. తెలుపు, లేత గోధుమ, గోధుమ, బూడిద, నలుపు మొదలుగా అనేక సహజ వర్ణాలలో లభించడం దీని ప్రత్యేకత. అయితే రంగులు అద్దడానికి మిల్లులు తెల్ల ఉన్నినే కోరడం వలన ఆండీస్ మందలలో రంగు అల్పాకాలు బాగా తగ్గిపోయాయి.

ఆర్థిక విషయాలు

1980వ దశకం మధ్యలో అమెరికాకు అల్పాకాలు వచ్చినప్పుడు సంఖ్య తక్కువ కావడం వలన వాటి ధరలు ఆకాశాన్నంటాయి. 1998లో అక్కడి వంశావళి నమోదు సంస్థ దిగుమతి జంతువులను నమోదు చేయడం నిలిపివేయడంతో ధరలు మరింతగా నిలదొక్కుకున్నాయి. చూలు ఆడది ఒక్కొక్కటి పదివేల డాలర్లకు పైగా పలికిన రోజులున్నాయి. కొన్నవారు పిల్లలను క్రొత్తగా కొనేవారికి అమ్మి లాభపడ్డారు తప్ప ఉన్ని మీద ఆ ధరకు తగిన రాబడి లేదు. 2007లో టినా సైటోన్, రిచర్డ్ సెక్స్టన్ అనే ఆర్థికవేత్తలు ఒక వ్యాసంలో ఈ ధరలకు ఉన్ని విలువ ఆధారం కాదని, ఇది గాలిబుడగ అని హెచ్చరించారు. 2008 ఆర్థిక మాంద్యం తరువాత ఆ బుడగ పగిలింది. వేలకు వేలు పెట్టి కొన్న జంతువులను ఉచితంగా ఇచ్చివేయవలసిన స్థితి అనేకులకు వచ్చింది. ధర పడిపోయినంతమాత్రాన జంతువు ఆయుర్దాయం తగ్గదు. వాటికి మేత, వైద్యం ఎప్పటివలెనే కావాలి.

కాబట్టి చిన్న మందను ఉన్ని, ఎరువు, నేల సంరక్షణ కోసం పెంచుకోవచ్చునే గాని త్వరిత లాభం ఆశించి దిగరాదు. సొంతంగా నూలు వడికి, అల్లి అమ్ముకొనేవారికి ఖర్చులు తిరిగివచ్చే అవకాశం ఎక్కువ. ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో విత్తులు తీసిన మగ అల్పాకాలను గొర్రెల మందలో కాపలాకు ఉంచి, నక్కల బారి నుండి గొర్రెపిల్లలను రక్షించుకుంటున్నారు.

ఆండీస్‌లో పెంపకం

ప్రపంచంలోని అల్పాకాలలో అత్యధిక భాగం నేటికీ పెరూలోనే ఉన్నాయి. 2012 వ్యవసాయ గణన ప్రకారం ఆ దేశంలో సుమారు 36.8 లక్షల అల్పాకాలున్నాయి. పూనో, కుస్కో, అరెకిపా ప్రాంతాలు వీటికి కేంద్రాలు. పంట పండని ఆ ఎత్తులలో కెచువా, ఐమరా భాషలు మాట్లాడే కాపరి కుటుంబాలకు అల్పాకాయే ఆధారం. ఉన్ని అమ్మి ధాన్యం కొంటారు. ముసలి జంతువుల మాంసాన్ని మంచులో, ఎండలో ఆరబెట్టి చార్కి చేసి నిలవ ఉంచుకుంటారు. అంతటా ఎండిపోయిన ఋతువులో కూడా పచ్చగా ఉండే ఊటనేలలలో మందలను మేపుతారు. హిమనదాలు కరిగిపోతున్నకొద్దీ ఆ ఊటలకు నీరు తగ్గుతుండడం వీరి భవిష్యత్తుకు పెద్ద ముప్పు. అకాలంగా వచ్చే మంచు, చలిగాలుల వలన ఒక్కొక్క సంవత్సరం వేలాది పిల్లలు మరణిస్తాయి. బయటి దేశాలలో కొట్టం, ఎండుగడ్డి, టీకా అనే మూడింటితో నివారించగలిగిన నష్టాన్ని ఈ కుటుంబాలు ఏటా భరిస్తున్నాయి. పెరూ ప్రభుత్వం ఆగస్టు 1వ తేదీని జాతీయ అల్పాకా దినంగా పాటిస్తున్నది.

దేశమేదైనా మంచి పెంపకానికి సూత్రం ఒక్కటే. మందను మందగానే ఉంచడం, ప్రతి జంతువునూ చేతితో తడిమి చూడడం, ఈరోజు కొన్న పిల్ల ఇంకా పదిహేనేళ్ళకు పైగా మేతకోసం కంచె దగ్గరకు వస్తుందని గుర్తుంచుకోవడం.

ఇవి కూడా చూడండి

ఒంటె
లామా
వికూన్యా
గొర్రెల పెంపకం
ఉన్ని